వజ్రం దొరికాక ఏం చేయాలి?

మైన్‌క్రాఫ్ట్‌లో కొత్తవాళ్లు వజ్రాన్ని వెతుకుతూ చావడం తక్కువ. వజ్రం దొరికాక చావడమే ఎక్కువ.

బూడిదరంగు రాతిలో లేతనీలం మచ్చలు కనబడగానే వేలు ఆగదు. చుట్టూ ఏముందో చూడకుండా ఆ బ్లాకు మీద నొక్కిపట్టడం, అది పగలగానే వెనక దాగి ఉన్న లావా పొంగుకురావడం, ఒళ్లంతా అంటుకోవడం, అన్నీ కలిపి నాలుగు క్షణాల పని. చచ్చినచోట సంచిలోని సామానంతా చెల్లాచెదురై పడిపోతుంది. మళ్లీ పుట్టి, దారి వెతుక్కుంటూ అక్కడికి చేరాక ఐదు నిమిషాల గడువు దాటితే మిగిలేది ఖాళీ నేల. లావాలో పడిన వస్తువులకైతే ఆ గడువు కూడా లేదు. పడీపడగానే కాలిపోతాయి.

తవ్వకం ఆటలో రెండు ప్రయాణాలుంటాయి. కిందికి పోయేది ఒకటి, పైకి వచ్చేది ఒకటి. మొదటిదాన్ని ఆట తయారుచేసినవాళ్లు ముచ్చటగా అలంకరిస్తారు. కొత్త రాళ్లు, గుహలు, మెరిసే ఖనిజాలు, లోతుకు పోయేకొద్దీ మారే రంగులు, అన్నీ అటువైపే. రెండోదాన్ని ఎవరూ అలంకరించరు. అసలు ఆట మాత్రం అక్కడే ఉంది. టాబ్లెట్ పట్టుకున్న పిల్లవాడికైనా, ఆఫీసు నుంచి వచ్చి సోఫాలో వాలి కాసేపు తవ్వుకునే పెద్దవాడికైనా ఈ ఆట నేర్పగలిగిన విద్య ఒకటుంటే, ఎప్పుడు వెనక్కి తిరగాలో దిగకముందే నిర్ణయించుకోవడం. ఆ విద్య ఆటలోపల ఒకసారి, ఆట ముగించి లేచేటప్పుడు ఇంకోసారి అక్కరకొస్తుంది.

ఈ రకం ఆటలకు నలభై ఏళ్ల పైచిలుకు చరిత్ర ఉంది. 1982లో జపాన్ కంపెనీ నామ్‌కో తెచ్చిన డిగ్ డగ్‌లో శత్రువును ఎంత లోతున చంపితే అంత ఎక్కువ పాయింట్లు. లోతుకు ధర కట్టడం అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. 1984లో కెనడాకు చెందిన పీటర్ లీపా, క్రిస్ గ్రే చేసిన బౌల్డర్ డ్యాష్ ఇంకో మెలిక పెట్టింది. బండ కింద మట్టి తీసేస్తే ఆ బండ తీసినవాడి నెత్తి మీదే పడుతుంది. వజ్రాలు ఏరుకుంటూ పోయే ఆ ఆట కథానాయకుడు రాక్‌ఫోర్డ్ తాను తవ్విన దారిలోనే ఇరుక్కుని చచ్చేవాడు. ప్రతి తవ్వూ ఒక దారి తెరుస్తుంది, ఒక్కోసారి మరో దారి మూసేస్తుంది.

వెనక్కి రావడాన్ని ఆటకు గుండెకాయగా చేసింది మాత్రం మదర్‌లోడ్. కెనడాలోని ఎడ్మంటన్ నగరానికి చెందిన ఎక్స్‌జెన్ స్టూడియోస్ 2004లో విడుదల చేసిన ఫ్లాష్ ఆట అది. అంగారక గ్రహం మీద ఒక తవ్వకం యంత్రం, దానికో ఇంధనం ట్యాంకు, సరుకు నింపుకునే చిన్న అర. ఇంధనం బంకు నేల మీద ఉంటుంది. ఖనిజం కొనేవాడూ అక్కడే ఉంటాడు. లోపల ఎంత బంగారం తవ్వినా పైకి తెచ్చి అమ్మితేనే డబ్బు. మధ్యలో ట్యాంకు ఖాళీ అయితే ఆట ముగిసినట్టే. ఆడినవాళ్లకు ఒక లెక్క తొందరగానే ఒంటబడుతుంది: దిగడానికి ఎంత తాగిందో ఎక్కడానికి కనీసం అంత తాగుతుంది కాబట్టి ముల్లు సగానికి రాకముందే తిరగాలి. అయినా సగం దాటాక కూడా ఇంకో రెండు బ్లాకులు తవ్వే చెయ్యి ఉంటుంది. ఆ చెయ్యి గురించే మాట్లాడుకోవాలి.

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి ఇమేజ్ అండ్ ఫామ్ సంస్థ 2013లో తెచ్చిన స్టీమ్‌వరల్డ్ డిగ్‌లో ఇంధనం స్థానంలో లాంతరు ఉంటుంది. ఆవిరితో నడిచే రస్టీ అనే మరమనిషి మామ వదిలిపోయిన గనిలోకి దిగుతాడు. కిందికి పోయేకొద్దీ లాంతరు వెలుతురు తగ్గిపోతుంది, సంచి నిండిపోతుంది. చీకట్లోనూ తవ్వవచ్చు, ఆట వద్దనదు. ఏ రాయిలో ఏముందో కనబడదు, అంతే. ఆటగాడిని శిక్షించకుండా పైకి పంపే ఈ పద్ధతి మదర్‌లోడ్ కంటే మర్యాదైనది.

సగం దాటాక కూడా తవ్వే చెయ్యికి మనస్తత్వ శాస్త్రంలో మంచి వివరణ ఉంది. హాల్ ఆర్క్స్, కేథరిన్ బ్లూమర్ 1985లో ఒక పరిశోధన ప్రచురించారు. అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయ నాటకశాలలో సీజన్ టికెట్లు కొనడానికి వచ్చినవాళ్లలో కొందరికి పూర్తి ధరకు, కొందరికి తగ్గింపు ధరకు టికెట్లు ఇచ్చారు. ఎవరికి ఏ ధర అన్నది యాదృచ్ఛికం. సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకు హాజరయ్యారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. తేడా అప్పటికే జేబులోంచి పోయిన డబ్బు. గనిలో అప్పటికే పోయిన సమయం కూడా అలాగే పనిచేస్తుంది. ‘ఇంతసేపు తవ్వాను, ఖాళీ చేతులతో ఎలా పోను?’ అనే ఆలోచన వచ్చిందంటే అది లావాకు దగ్గరి దారి.

అందుకే వెనక్కి తిరిగే నిర్ణయాన్ని గని లోపల తీసుకోకూడదు. గని నోటి దగ్గర, వెలుతురులో, సంచి ఖాళీగా ఉన్నప్పుడే తీసుకోవాలి. టాబ్లెట్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడేవాళ్లకు దీన్ని ఆచరణలో పెట్టే పద్ధతి ఇలా ఉంటుంది.

సంచిలో 36 గళ్లుంటాయి. దిగే ముందు పెట్టుకోవలసినవి కొన్నే: రెండు ఇనుప పిక్‌యాక్సులు, కాగడాలు, తిండి, కాస్త కలప, ఒక బకెట్టు నీళ్లు. చెక్క పిక్‌యాక్స్ 59 దెబ్బలకు, రాతిది 131కి, ఇనుపది 250కి అరిగిపోతుంది. వజ్రానిదైతే 1,561 దాకా వస్తుంది. చెక్కదానితోనో రాతిదానితోనో వజ్రాన్ని కొడితే బ్లాకు పగులుతుంది, వజ్రం మాత్రం రాదు. ఇనుపది తప్పనిసరి. మొదటి పిక్‌యాక్స్ విరిగి రెండోది చేతికి వచ్చిందంటే అది వెనక్కి తిరగమన్న గుర్తు. ఖాళీ గళ్లు ఎనిమిదికి తగ్గినా, తిండి సగానికి పడినా అంతే. ఈ మూడింటిలో ఏది ముందొస్తే దానికి కట్టుబడాలి. ఆ క్షణంలో ఎదురుగా ఏం మెరుస్తున్నా సరే.

ఎక్కడ తవ్వాలన్నది చాలామందికి తెలిసిన సంగతే. 2021 నవంబరులో వచ్చిన కేవ్స్ అండ్ క్లిఫ్స్ అప్‌డేట్ రెండో భాగం తర్వాత ఆట ప్రపంచం అడుగు -64 మట్టం వరకు పోయింది. వజ్రాలు అడుగుకు పోయేకొద్దీ పెరుగుతాయి, -59 దగ్గర బాగా దొరుకుతాయి. -54కి కింద ఉన్న గుహల్లో లావా నిలిచి ఉంటుంది కాబట్టి కొత్తవాళ్లు -53 ఎత్తున సొరంగం వేసుకుంటే రాబడి కాస్త తగ్గినా ప్రాణానికి ముప్పు తగ్గుతుంది. తాము ఎంత లోతున ఉన్నారో తెలియాలంటే ప్రపంచపు సెట్టింగ్స్‌లో కోఆర్డినేట్స్ చూపించే మీట ఆన్ చేసుకోవాలి. దాన్ని మోసం అనుకునే పిల్లలున్నారు. కాదు. అసలు గనివాళ్లు కూడా లోతు కొలవకుండా దిగరు.

కాళ్ల కింద నిట్టనిలువుగా తవ్వకూడదు. ఇది ఈ ఆటలో అందరికీ తెలిసిన, అందరూ తప్పే నియమం. మెట్లలాగా ఏటవాలుగా దిగితే రెండు లాభాలు. అడుగు వేసే చోటు ముందే కనబడుతుంది, తిరిగి ఎక్కడానికి దారి సిద్ధంగా ఉంటుంది. అడుగుకు చేరాక ఒక ప్రధాన సొరంగం వేసి, దానికి రెండువైపులా పిల్ల సొరంగాలు తీయాలి. సొరంగానికీ సొరంగానికీ మధ్య రెండు బ్లాకుల రాయి వదిలితే ఏ బ్లాకూ కంటికి చిక్కకుండా పోదు. సున్నా మట్టానికి కింద ఉండే డీప్‌స్లేట్ మామూలు రాయి కంటే గట్టిది, పని నెమ్మదిస్తుంది. విసుగు వచ్చేది అక్కడే. విసుగులోనే గుహల వైపు గాలి మళ్లుతుంది.

కాగడాలు పోయేటప్పుడు ఎప్పుడూ కుడి గోడకే పెట్టాలి. వచ్చేటప్పుడు అవి ఎడమ చేతికి కనబడుతుంటే ఇంటివైపు నడుస్తున్నట్టు. ఖర్చు లేని ఈ అలవాటు ఎంతమందిని కాపాడిందో లెక్కలేదు. వెలుతురున్నచోట రాక్షసులు పుట్టరన్నది అదనపు లాభం. నీళ్ల బకెట్టు ఎందుకంటే, నిలిచి ఉన్న లావా మీద నీళ్లు పోస్తే అది గట్టిపడి నడవడానికి పనికొస్తుంది. వజ్రం కనబడగానే చేయవలసిన మొదటి పని దాన్ని తవ్వడం కాదు. దాని చుట్టూ ఉన్న బ్లాకులను ఒక్కొక్కటిగా తీసి, వెనక ఏముందో చూసుకుని, లావా కనబడితే ముందు దాన్ని రాళ్లతో మూసి, ఆ తర్వాతే వజ్రం.

టాబ్లెట్‌కు ప్రత్యేకమైన ఇబ్బంది ఒకటుంది. బొటనవేలు తెరలో కొంత భాగాన్ని కప్పేస్తుంది, అంచు మీద నిలబడినప్పుడు వేలు రవ్వంత జారినా లోయలో పడతారు. అందుకే లావా దగ్గరగానీ లోతైన గుహ అంచునగానీ వంగి నడిచే మీట నొక్కి ఉంచాలి. అలా ఉంచితే పాత్ర అంచు దాటి పడదు. టచ్ సెట్టింగ్స్‌లో జాయ్‌స్టిక్‌తో నడిచే పద్ధతులు ఉన్నాయి. బాణపు గుర్తులతో ఇబ్బందిపడేవాళ్లు వాటిని ఒకసారి ప్రయత్నించడం మంచిది. ఇక కళ్ల విషయంలో వైద్యులు చెప్పే 20-20-20 సూత్రం ఉండనే ఉంది: ప్రతి 20 నిమిషాలకు 20 అడుగుల దూరంలోని దేన్నైనా 20 సెకన్లు చూడాలి. మైన్‌క్రాఫ్ట్‌లో ఒక పగలు, ఒక రాత్రి కలిపి సరిగ్గా 20 నిమిషాలే. తెల్లవారినప్పుడల్లా తల ఎత్తితే సరిపోతుంది.

ఇంతా చేసి ఇది పిల్లల ఆటే కదా అనుకునేవాళ్లు కృత్రిమ మేధ పరిశోధకులను అడగాలి. 2019లో న్యూరిప్స్ సదస్సు సందర్భంగా మైన్‌ఆర్‌ఎల్ పేరుతో ఒక పోటీ పెట్టారు. కంప్యూటర్ ప్రోగ్రామ్ తనంతట తాను మైన్‌క్రాఫ్ట్‌లో వజ్రం సంపాదించాలి. ఆ ఏడు ఒక్క జట్టు కూడా సాధించలేదు. చెట్టు కొట్టాలి, పలకలు చేయాలి, కర్రలు చేయాలి, పని బల్ల పెట్టాలి, చెక్క పిక్‌యాక్స్, తర్వాత రాతిది, కొలిమి, ఇనుము, ఇనుప పిక్‌యాక్స్, అప్పుడు వజ్రం. గొలుసులో ఒక్క కొక్కెం తెగినా మొదటికి వస్తుంది. 2022లో ఓపెన్‌ఏఐ ఆటగాళ్ల వీడియోలు చూపించి శిక్షణ ఇచ్చిన నమూనా వజ్రపు పిక్‌యాక్స్ దాకా వెళ్లింది. ఎవరి ఆటా చూడకుండా స్వయంగా నేర్చుకుని వజ్రం తెచ్చిన డ్రీమర్‌వీ3 సంగతి 2023లో బయటికి వచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల ఆదివారం మధ్యాహ్నం పూట చేసే పని ఇది. ఆ పిల్ల చేస్తున్నది సమయం వృథా అని తేల్చేముందు, ఆమె ఎన్ని మెట్లు ముందుకు ఆలోచిస్తోందో ఒకసారి పక్కన కూర్చుని చూడడం న్యాయం.

అలాగని పిల్లల చేతికి టాబ్లెట్ వదిలేసి ఊరుకోకూడదు. తవ్వకం ఎందుకు అంతగా పట్టేస్తుందో చెప్పే సూత్రాన్ని మనస్తత్వ శాస్త్రవేత్తలు బి.ఎఫ్. స్కిన్నర్, చార్లెస్ ఫెర్‌స్టర్ 1957లోనే పుస్తకంగా రాశారు. వాళ్ల ప్రయోగాల్లో తేలింది ఇది: ఎన్ని పొడుపులకు గింజ రాలుతుందో తెలియనప్పుడు పావురం ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. తవ్వకమూ అంతే. తర్వాతి బ్లాకులో వజ్రం ఉండవచ్చు, ఉండకపోవచ్చు. దీనికి తెర కూడా అక్కర్లేదు. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి ప్రాంతాల్లో, అనంతపురం జిల్లా వజ్రకరూరు చుట్టుపక్కల తొలకరి చినుకులు పడగానే పొలాల్లో తలలు వంచుకుని వజ్రాలు వెతికే జనం ఏటా కనిపిస్తారు. పనులు మానుకుని, అన్నం మూటలు కట్టుకుని వచ్చినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. ఒకరికి రాయి దొరికిందన్న వార్త పక్క పొలంలో వందమందిని ఇంకో రోజు నిలబెడుతుంది.

లేచే సమయం గురించి ఇళ్లలో జరిగే గొడవ అందరికీ తెలిసిందే.

“చాలు, టాబ్లెట్ ఇటివ్వరా.”

“అమ్మా, ఒక్క ఐదు నిమిషాలే!”

ఆ ఐదు నిమిషాలు అరగంట అవుతాయి. తల్లి అబద్ధం అంటుంది, పిల్లవాడు అన్యాయం అంటాడు. ఇద్దరి దగ్గరా కొంత నిజముంది. పిల్లవాడు గని అడుగున ఉన్నాడు, సంచి నిండా సామానుంది, పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో అతడికే తెలియదు. గోడగడియారం ఆట ప్రపంచంలో లేదు కాబట్టి గడియారం లెక్క అక్కడ పనిచేయదు. ఆట లెక్కలో అడగాలి: “పైకొచ్చి, సామాను పెట్టెలో పెట్టి, మంచం మీద పడుకున్నాక ఇచ్చెయ్.” జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గాల్‌విట్జర్ 1999 నాటి వ్యాసంలో వివరించినది దాదాపు ఇదే. ‘తక్కువ ఆడతాను’ అనే సంకల్పం కంటే ‘ఫలానాది జరగగానే ఫలానా పని చేస్తాను’ అని ముందే ముడివేసుకున్న నిర్ణయం బాగా అమలవుతుంది. ‘రెండో పిక్‌యాక్స్ చేతికి రాగానే పైకి వస్తాను, సామాను సర్దగానే టాబ్లెట్ మూస్తాను.’ ఆటలోపలి నియమానికి బయటి నియమాన్ని ఇలా జోడిస్తే రెండూ కలిసి నడుస్తాయి. ఆట ఎప్పటికప్పుడు తనంతట తానే సేవ్ అవుతుంది కనుక ‘సేవ్ చేయాలి’ అన్న సాకు మాత్రం ఒప్పుకోనక్కర్లేదు.

అయితే ఈ విద్య అన్ని తవ్వకం ఆటల్లోనూ అబ్బదు. స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావాలోని పిక్సెల్ ఫెడరేషన్ నడిపే డిగ్గీస్ అడ్వెంచర్‌లో ప్రతి పలకను తవ్వడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. శక్తి అయిపోతే అది నెమ్మదిగా నిండేదాకా ఆగాలి, లేదా డబ్బు పెట్టి రత్నాలు కొనాలి. ఈజిప్టు సమాధుల్లో చిక్కుముడులు విప్పుకుంటూ పోయే ఆ ఆటలో సరదాకు లోటు లేదు. కానీ ఎప్పుడు ఆగాలో అక్కడ ఆటే చెబుతుంది. ఎప్పుడు తిరిగి రావాలో కూడా అదే చెబుతుంది, అదీ రోజుకు చాలాసార్లు. ఇలాంటి ఆట టాబ్లెట్‌లో ఉంటే చేయవలసినవి రెండే పనులు. నోటిఫికేషన్లు ఆపేయాలి, ప్రతి కొనుగోలుకు పాస్‌వర్డ్ అడిగేలా పెట్టాలి. శక్తి ఎప్పుడు నిండిందో చూసుకునే బాధ్యత ఆటగాడిది, టాబ్లెట్‌ది కాదు.

ఇంకా ముదిరిన ఉదాహరణ ఒకటుంది. బ్రిటన్‌లోని 22క్యాన్స్ సంస్థ 2012 నవంబరులో క్యూరియాసిటీ అనే ఆట విడుదల చేసింది. ఒక పెద్ద ఘనం, దాని పొరల్లో కోట్లాది చిన్న ఘనాలు. ప్రపంచమంతా కలిసి ఫోన్ల మీద, టాబ్లెట్ల మీద వేలితో తాకుతూ ఒక్కో పొర ఒలవాలి. చివరి ఘనం పగలగొట్టినవారికి మాత్రమే లోపల ఏముందో తెలుస్తుంది. వెనక్కి రావడం లేదు, సంచి లేదు, లాంతరు లేదు. తవ్వడం ఒక్కటే ఉంది. 2013 మే 26న చివరి ఘనం పగిలింది. పగలగొట్టింది ఎడిన్‌బరాకు చెందిన ఒక యువకుడు, ఆట మొదలుపెట్టింది సుమారు గంట ముందు. ఆర్నెల్లు తాకినవాళ్ల సంగతి అలా ఉంచితే, అతడికి దొరికిన బహుమతి సంస్థ తర్వాతి ఆట గాడస్‌లో దేవుడి హోదా, దాని రాబడిలో వాటా. 2015లో యూరోగేమర్ పత్రిక ఆరా తీస్తే అప్పటికి అతడి చేతికి పైసా రాలేదు.

ఆట అదుపు తప్పిందని ఎప్పుడు అనుకోవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11 జాబితాలో గేమింగ్ డిజార్డర్‌కు మూడు గుర్తులు చెప్పింది: ఆట మీద అదుపు పోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముఖ్యమైపోవడం, నష్టం జరుగుతున్నా మానలేకపోవడం. ఇవి మామూలుగా ఏడాదిపాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. పరీక్షల ముందు వారం ఎక్కువ ఆడిన కుర్రాడికి ఆ ముద్ర వేయకూడదు. చదువు, నిద్ర, స్నేహితులు మూడూ పోయినా కదలని కుర్రాడిని డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయకూడదు.

ఇక మిగిలింది చచ్చినా సామాను పోకుండా ఉంచే కీప్ ఇన్వెంటరీ మీట సంగతి. ఆన్ చేస్తే లావాలో పడినా సంచి భద్రం. ఆరేడేళ్ల పిల్లలకు ఇది ఆన్ చేయడమే మంచిది. ఆ వయసులో పోయిన వజ్రం కోసం ఏడుపు తప్ప పాఠం ఏమీ మిగలదు. పదేళ్లు దాటినవాళ్లకూ పెద్దవాళ్లకూ ఆఫ్ చేసి ఉంచాలి, లేకపోతే పైకి వచ్చే ప్రయాణానికి విలువే ఉండదు, రెండో పిక్‌యాక్స్ నియమం మూలన పడుతుంది. టాబ్లెట్‌లో వచ్చే బెడ్‌రాక్ ఎడిషన్‌లో ఇది చీట్స్ కింద లెక్క, ఒకసారి ఆన్ చేస్తే ఆ ప్రపంచంలో అచీవ్‌మెంట్లు ఇక రావు. అన్నాచెల్లెళ్లు ఒకే టాబ్లెట్ పంచుకునే ఇంట్లో తేలిక మార్గం రెండు వేర్వేరు ప్రపంచాలు పెట్టుకోవడం. చెల్లెలి ప్రపంచంలో మీట ఆన్, అన్న ప్రపంచంలో ఆఫ్. అన్న తన సామానుతో పాటు లావాలో పడిన రోజున చెల్లెలి ప్రపంచంలోకి వచ్చి తవ్వుకుంటానంటాడు. ఒప్పుకోవాలా వద్దా అన్నది ఆ పిల్ల ఇష్టం.